జాబితాలో తమ్ముడు లేడు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములలోని మధ్యతరగతి గృహములందు ధనము నిలువజేయుటకు తరతరములుగా తెలిసిన మార్గములు కొన్నియే: చిట్టీ, బంగారము, ఇంటిజాగ, నమ్మకస్థునికి వడ్డీకిచ్చు అప్పు. వీని సరసన ఇప్పుడు డీమ్యాట్ ఖాతా వచ్చి నిలిచినది. నిలుచుటయే కాదు, ఒక్కటిగా వచ్చినది రెండై, రెండు నాలుగై పెరుగుచున్నది. ఈ వృద్ధికి కారణము అత్యాశయే యని తేల్చివేయుట సులభమే గాని న్యాయము కాదు. కొత్త కంపెనీ తన వాటాలను ఐపీఓ రూపమున జనమునకు అమ్మజూపునపుడు ఒక పాన్ సంఖ్యపై ఒక్క దరఖాస్తే చెల్లునన్న నిబంధన ఉన్నందున, కేటాయింపు లాటరీలో ఇంటికి అవకాశము పెంచుకొనగోరువాడు భార్యపేర నొకటి, తల్లిపేర నొకటి, గల్ఫులోనున్న తమ్ముని పేర నొకటి ఖాతా తెరిపించుట సహజముగా జరిగినది. ఖాతాదారు నిజమైన మనిషియై, సొమ్ము ఆ మనిషిదే అయినంతవరకు ఇందు చట్టవిరుద్ధమేదియు లేదు.

మనిషియే అబద్ధమైనపుడు ఏమి జరుగునో దేశము ఇంతకుముందే చూచియున్నది. కల్పిత నామములతో వేలకొలది డీమ్యాట్ ఖాతాలు తెరచి, చిన్న మదుపుదారులకు ఉద్దేశింపబడిన వాటాలను కొందరు మూకుమ్మడిగా కాజేసిన వైనము 2005లో యస్ బ్యాంకు, ఐడీఎఫ్‌సీ వాటాల విక్రయమునందు బయటపడగా, 2006 ఏప్రిలులో విపణి నియంత్రణ సంస్థయగు సెబీ కఠినమైన ఉత్తర్వు వెలువరించినది. 2007 జూలై నుండి వాటాల విపణిలో ప్రతి వ్యవహారమునకును పాన్ సంఖ్యయే ఏకైక గుర్తింపయ్యెను. అయితే పాన్ సంఖ్య ఖాతా ఎవరిదో చెప్పగలదే గాని, ఆ ఖాతాపై ఆజ్ఞ నిచ్చుచున్న వ్రేలు ఎవరిదో చెప్పజాలదు. మన ప్రాంతమున ఇప్పుడు విచారింపవలసినది ఆ వ్రేలిని గూర్చియే.

ఏలయన, కేటాయింపు రాని ఖాతాలు ఊరక పడియుండవు. ఇంటిలో చదువుకొన్న కుర్రవాడొకడు, సాధారణముగా ఇంజనీరింగు ముగించి ఉద్యోగమునకై ఎదురుచూచుచున్నవాడు, ఏదో యొకనాడు వానిని ఆప్షన్ల వ్యాపారమునకు మళ్లించును. మొదట ఫోనుపై తన చేతితోనే కొని అమ్మును. పిదప టెలిగ్రామ్ గుంపులో పరిచయమైనవారి ప్రేరణచేత నెలసరి అద్దెకు దొరకు ఆల్గో నొకదానిని తగిలించును, లేదా కొంత ప్రోగ్రామింగు నేర్చినవాడైనచో తానే వ్రాసికొనును. ముందుగా పెట్టిన షరతులు నెరవేరిన క్షణమున మనిషి ప్రమేయము లేకయే ఆ ఆల్గో ఏపీఐ అను మార్గమున బ్రోకరుకు ఆర్డరు పంపును. తన ఖాతా మాస్టరు. తల్లి, భార్య, తమ్ముడు, బావల ఖాతాలు చైల్డ్ ఖాతాలు. మాస్టరులో ఒక లాటు కొన్న మరుక్షణము మిగిలిన అన్నిటిలోను అదే కొనుగోలు జరుగును. తొమ్మిదింబావుకు మార్కెట్టు తెరచుకొనకముందే ఒక్కొక్క ఖాతాకు లాగిన్ చేసి, ఒక్కొక్క ఫోనుకు వచ్చిన ఓటీపీ కొట్టి, ఆ దినమునకు మాత్రమే చెల్లు టోకెనును పుట్టించుట అతని ప్రాతఃకాల విధి. సంధ్యావందనమునకు లేని నియమనిష్ఠ దీనికి కలదు.

ఇట్టివారిని ఉద్దేశించియే సెబీ 2025 ఫిబ్రవరి 4న ఒక సర్క్యులరు జారీచేసినది. దాని అమలు ఒకటికి రెండుమార్లు వాయిదాపడి, తుదకు 2026 ఏప్రిలు 1 నుండి బ్రోకర్లందరికిని వర్తించునట్లు నిర్ణయమైనది. ప్రతి ఆల్గో ఆర్డరుకును ఎక్స్ఛేంజి గుర్తింపు ఉండవలెననియు, ఆర్డరు పంపు కంప్యూటరుకు మారని ఇంటర్నెట్ చిరునామా ఉండి అది బ్రోకరు వద్ద నమోదు కావలెననియు, ఆల్గోలను అమ్మువారు ఎక్స్ఛేంజి జాబితాలో చేరవలెననియు, లోపలి తర్కమును చూపక ఫలితమును మాత్రమే అమ్మువారు సెబీ వద్ద రిసెర్చ్ అనలిస్టులుగా నమోదై ఉండవలెననియు దాని సారాంశము. సెకనుకు పది ఆర్డర్ల హద్దు దాటినచో మదుపుదారుడు స్వయముగా వ్రాసికొన్న ఆల్గోకు సైతము నమోదు తప్పదు. ఇవి బ్రోకర్లు చూచుకొనవలసిన సంగతులు. మన ఇండ్లకు తగులు వాక్యము వేరొకటి కలదు. తాను వ్రాసికొన్న ఆల్గోను మదుపుదారుడు తన కుటుంబమునకు కూడ వాడుకొనవచ్చునని చెప్పి, కుటుంబమనగా తాను, తన జీవిత భాగస్వామి, తనపై ఆధారపడిన పిల్లలు, తనపై ఆధారపడిన తల్లిదండ్రులు అని సెబీ గిరి గీచినది. ఆ జాబితాలో తమ్ముడు లేడు. అన్నయు లేడు, బావయు లేడు. సొంత సంపాదన గల కొడుకును, పింఛనుపై స్వతంత్రముగా బ్రతుకు తండ్రియు లేరు.

ఈ గిరి మన పక్క నొప్పించుననుటలో వింతలేదు. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల ప్రాంతముల నుండి దుబాయి, మస్కట్, బహ్రెయిన్, కువైట్లకు అన్నదమ్ములలో ఒకడు వలసపోవుటయు, మిగిలినవాడు ఊరనుండి ఇద్దరి పొలమును, ఇద్దరి పిల్లల చదువును, ఇద్దరి అప్పులను చూచుకొనుటయు తరములనాటి ఆచారము. తమ్ముడు పంపిన పైకముతో అన్న ఇల్లు కట్టించును. పసుపు అమ్మిన పైకములో తమ్ముని వంతును అన్న దాచియుంచును. వ్రాతకోతలు లేకయే లక్షలు చేతులు మారుచున్న ఈ నమ్మకపు లోకమున, తమ్ముని డీమ్యాట్ ఖాతాను అన్న నడుపరాదనుట కుటుంబమన నేమో తెలియని బొంబాయివారు చేసిన నియమముగా తోచవచ్చును. ఈ ఆక్షేపణను నేను తేలికగా త్రోసిపుచ్చను. అయినను సెబీ గీచిన గిరియే సరియైనదనియు, దానిని వెడల్పు చేయుమని ఎవరు కోరినను చేయరాదనియు నా అభిప్రాయము.

పొలము విషయమున అన్న చేసిన పని కంటికి కనబడును. తమ్ముడు సెలవుపై వచ్చినపుడు గట్టును చూచును, గోడను తట్టి చూచును, ఊరివారిని అడుగును. తప్పు జరిగినను దాని నష్టము ఒక పంటకు పరిమితము. ఆప్షన్ల వ్యాపారమున జరిగినది తెరమీద క్షణమాత్రము మెరసి మాయమగును. ఆప్షను కొన్నవానికి కట్టిన ప్రీమియమే నష్టపు హద్దు. అమ్మినవానికి అట్టి హద్దు లేదు. ఉన్న సొమ్ము పోవుటయే కాక, లేని సొమ్మునకు బాకీ పడు అవకాశము గల వ్యాపారమిది. ఆ బాకీ ఖాతా ఎవరి పేర నున్నదో వారిదే యగును.

ఖాతాలు పెరిగినచో ప్రమాదము పంచబడునన్న భ్రమ యొకటి కలదు. సిరిసిల్ల కార్ఖానాలో ఒక కార్మికుడు ఏకకాలమున పలు సాంచాలను, అనగా మరమగ్గములను, కనిపెట్టుచుండును. ఆ హోరులో ఏ సాంచ నిలిచినదో, దేనిపై పోగు తెగినదో పసిగట్టుటయే అతని నైపుణ్యము. ఒక సాంచపై పోగు తెగినచో చెడునది దానిపైని బట్ట మాత్రమే, ప్రక్క సాంచపైనిది కాదు. పలు ఖాతాలను ఒక్క ఆల్గోకు కట్టినవాడు తన స్థితియు నట్టిదే యనుకొనును. ఇక్కడ ఖాతాలు అయిదైనను ఆజ్ఞ ఒక్కటే. దానిలో దోషమున్నచో అయిదింటను అదే దోషము అదే క్షణమున అదే దిశగా పనిచేయును. అనగా ప్రమాదమును అయిదుగురికి పంచుట కాదు, ఒక్క ప్రమాదమునే అయిదుమార్లు కొనుట.

అన్ని ఖాతాలును ఒక్కరీతిని చెడుట ఒక కష్టము; ఒక్కటి మాత్రమే చెడుట అంతకన్న విషమము. నిఫ్టీ ఆప్షను నొకదానిని అమ్మి, నష్టమునకు అడ్డుకట్టగా దూరపు ఆప్షను నింకొకదానిని కొను వ్యూహము మన కుర్రవాండ్రకు మిక్కిలి ప్రియమైనది. ఈ రెండు లెగ్గులును ఒకే ఖాతాలో నున్నచో కట్టవలసిన మార్జిను తగ్గును. కొన్నది తల్లి ఖాతాలోను అమ్మినది భార్య ఖాతాలోను ఉన్నచో తగ్గదు, ఏలయన క్లియరింగు సంస్థ దృష్టిలో ఆ అత్తాకోడండ్రు పరస్పరము అపరిచితులు. మధ్యాహ్నము స్టాప్‌లాస్ తగిలినపుడు నాలుగు ఖాతాలలో వ్యవహారము మూసికొనిపోయి, అయిదవదానిలో టోకెను చెల్లకపోవుటచేతనో, మార్జిను చాలకపోవుటచేతనో, ఆ బ్రోకరు సర్వరు పలుకకపోవుటచేతనో ఆర్డరు తిరస్కరింపబడినదనుకొందము. మాస్టరు తెరపై అంతయు ముగిసినట్లే కనబడును. అయిదవ ఖాతాలో ఆ అమ్మకము బ్రతికియే యుండును. ఆ అయిదవ ఖాతా ఎవరిది? అందరికన్న తక్కువగా తెరచి చూడబడు ఖాతా, అనగా ఊరలేని తమ్మునిది.

లాటు లెక్కయు ఇట్టిదే. చిన్న మదుపుదారులను నిరుత్సాహపరచుటకే 2024 నవంబరు నుండి సూచీ కాంట్రాక్టుల కనీస విలువను 15 లక్షల రూపాయలకు పెంచిరి. తొమ్మిది లక్షలున్న మాస్టరు ఖాతాలో మూడు లాట్లు, మూడు లక్షలున్న తల్లి ఖాతాలో ఒక లాటు అను నిష్పత్తి కాగితముపై చక్కగా నుండును. మూడింటిలో ఒకటి మూసి రెండు నిలుపుమని ఆల్గో ఆజ్ఞాపించినపుడు, ఉన్న ఒక్క లాటుతో తల్లి ఖాతా ఏమి చేయవలెను? మూసినచో లాభమునకు దూరము, నిలిపినచో కొడుకు భరించుదానికన్న నిష్పత్తిలో అధికమైన ప్రమాదము. ఈ ప్రశ్నకు ఉత్తరము ముందుగా వ్రాసికొనకయే ఆల్గోను తగిలించువారు పెక్కుమంది.

ఎనిమిదింట ఒక్కటి తప్పుట ఎంత పని చేయగలదో అమెరికాలో నైట్ క్యాపిటల్ అను పేరెన్నికగన్న సంస్థ 2012 ఆగస్టు 1న చూపినది. కొత్త ప్రోగ్రామును ఏడు సర్వర్లకు ఎక్కించి ఎనిమిదవదానిని మరచుటచే, ఆ ఒక్క సర్వరు పాత ఆజ్ఞల ప్రకారము సుమారు 45 నిమిషములు ఎడతెగక ఆర్డర్లు పంపి, 44 కోట్ల డాలర్లకు తక్కువ కాని నష్టము తెచ్చిపెట్టెను. ఏడాది తిరుగునప్పటికి ఆ సంస్థ వేరొకదానిలో కలిసిపోయినది. వారికి జీతములిచ్చి పెట్టుకొన్న ఇంజనీర్లు, పర్యవేక్షకులు, న్యాయవాదులు ఉండిరి. మన కుర్రవానికి ఉన్నది ఒక ల్యాప్‌టాపు, రెండు ఫోన్లు, కరెంటు పోదన్న ఆశ.

తమ్ముని ఖాతాకు చట్టము వేసిన మరియొక ముడి కూడ కలదు. ఉద్యోగమునకై విదేశము వెళ్లి ప్రవాసియైనవాడు ఇక్కడి సాధారణ బ్యాంకు ఖాతాను ఎన్ఆర్ఓ ఖాతాగా మార్చుకొనవలెను. తన స్థితి మారిన సంగతి బ్రోకరుకును తెలుపవలెను. ప్రవాసికి వాటాలలో ఇంట్రాడే వ్యాపారము, అనగా ఉదయము కొని ఆ సాయంకాలములోగా అమ్ముట, అనుమతింపబడలేదు. వెళ్లునపుడు తమ్ముడు తన సిమ్ము ఇంటిలో విడిచిపోవును. ఓటీపీలు కోరుట్లలోనే మ్రోగుచుండును. బ్రోకరు పుస్తకములలో అతడు ఇంకను కోరుట్లలోనే నివసించుచున్నాడు. విచారణ వచ్చిననాడు జవాబు చెప్పవలసినవాడు మాత్రము ఎడారిలో పని చేయుచున్నవాడే.

అన్నదమ్ములతో మొదలైనది అన్నదమ్ములతో ఆగదన్నది నా వాదమునకు ప్రధానమైన ఆధారము. తమ్మునికి చేసినవాడు బావకు చేయును, బావకు చేసినవాడు బావ స్నేహితునికి చేయును; క్రమముగా అది అకౌంట్ హ్యాండ్లింగ్ అను వృత్తిగా మారి, లాభములో సగము నాది, నష్టము నీది అను ఒప్పందముపై సాగును. ఈ ఒప్పందమును కొంచెము నిదానించి చూడవలెను. ఒకే మనిషి అయిదుగురి ఖాతాలకు వేరువేరు వ్యూహములు తగిలించెననుకొందము: మూడింటిలో తలకు లక్ష చొప్పున లాభము, రెండింటిలో తలకు రెండు లక్షల చొప్పున నష్టము. అయిదు ఖాతాలు కలిపి చూచినచో లక్ష రూపాయల నష్టము. నడుపువాని చేతికి మాత్రము లక్షన్నర రూపాయల వాటా వచ్చును. లాభపడిన ముగ్గురు అతని కీర్తిని ఊరంతయు చాటుదురు, నష్టపోయిన ఇద్దరు సిగ్గుచేత నోరు మెదపరు. ఖాతాలు ఎన్ని పెరిగిన అతనికి అంత క్షేమము, ఖాతాదారులకు కాదు. ఇతరుల ధనమును ఇట్లు నిర్వహింపగోరువాడు సెబీ వద్ద పోర్ట్‌ఫోలియో మేనేజరుగా నమోదు కావలెననియు, అట్లు నమోదైనవాడు సైతము ఒక్కొక్కరి నుండి 50 లక్షల రూపాయలకు తక్కువ స్వీకరింపరాదనియు నియమమున్నది. చిన్నవాని సొమ్మును అర్హత గలవాడే తాకరాదని చట్టము చెప్పుచుండగా, అర్హత లేనివాడు ఓటీపీ చేతబట్టుకొని తాకుచున్నాడు.

ఇంత శ్రమకు ఫలమేమి? సెబీ 2024 సెప్టెంబరులో ప్రకటించిన అధ్యయనము ప్రకారము 2021-22 నుండి 2023-24 వరకు మూడు సంవత్సరములలో ఎఫ్ అండ్ ఓ, అనగా ఫ్యూచర్స్, ఆప్షన్ల వ్యాపారము చేసిన కోటి మందికి పైబడిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయిరి. పోయిన మొత్తము 1.8 లక్షల కోట్ల రూపాయలకు పైమాట. వారిలో నాలుగింట మూడువంతులకు మించినవారు తమ వార్షికాదాయము 5 లక్షల లోపని ప్రకటించినవారే. అదే అధ్యయనములో వేరొక అంకె కలదు: 2023-24లో విదేశీ సంస్థలు గడించిన లాభములో 97 శాతమును, బ్రోకరు సంస్థలు స్వంత సొమ్ముతో గడించిన లాభములో 96 శాతమును ఆల్గోల ద్వారా వచ్చినవి. ఆల్గోలు అమ్మువారికి ఈ రెండవ అంకె కంఠస్థము. మొదటి అంకెను వారు ఉచ్చరింపరు. ఎక్స్ఛేంజి ఆవరణలోనే తమ యంత్రములను నిలుపుకొన్న సంస్థల ఆల్గోకును, జగిత్యాలలో నెలకింతయని అద్దెకు తెచ్చుకొన్న ఆల్గోకును పేరులో తప్ప పోలిక లేదు. పెద్ద సంస్థలును పలు ఖాతాలను ఒక్క బుద్ధితో నడుపునన్న మాట నిజమే. జేన్ స్ట్రీట్ సంస్థలు కొన్ని కలిసికట్టుగా ఒకచోట కొనుచు వేరొకచోట దానికి విరుద్ధముగా లాభపడినవని ఆరోపించి 2025 జూలై 3న సెబీ 4,843 కోట్ల రూపాయలను స్వాధీనపరచుమని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చినది. ఆ సంస్థ ఆరోపణను నిరాకరించి పోరాటమునకు దిగినది. పోరాడుటకు వారికి శక్తి కలదు.

ఒక్క మనిషి తన పేరననే ఇద్దరు బ్రోకర్ల వద్ద ఖాతాలుంచుకొనుట వేరు సంగతి. దానిని నేను తప్పుపట్టను. హైదరాబాదులో పుట్టి మన జిల్లా కేంద్రములవరకు శాఖలు విస్తరించిన కార్వీ స్టాక్ బ్రోకింగ్ సంస్థ ఖాతాదారుల వాటాలను తన అప్పులకు కుదువబెట్టినదని 2019 నవంబరు 22న సెబీ ఉత్తర్వు ఇచ్చిననాడు, ఉన్నదంతయు ఒక్కచోట పెట్టినవారు పడిన ఆందోళన తెలుగువారు మరువరానిది. 2023లో ఆ సంస్థ రిజిస్ట్రేషనే రద్దయ్యెను. దీర్ఘకాలపు వాటాలు ఒకచోట, వ్యాపారపు సొమ్ము ఒకచోట ఉంచుకొన్నవానికి లెక్కలును సులభము. కొన్న వరుసలో అమ్మినట్లు భావించు పన్ను లెక్క ఒక్కొక్క డీమ్యాట్ ఖాతాకు విడివిడిగా వర్తించును. భార్యకు ఊరక ఇచ్చిన సొమ్ముతో ఆమె ఖాతాలో వచ్చిన ఆదాయము మాత్రము తిరిగి భర్త ఆదాయములోనే కలియును గనుక, పన్ను తప్పునన్న ఆశతో ఖాతాలు పెంచుట వ్యర్థము.

సెబీని, బ్రోకర్లను అడుగవలసినది ఒకటి కలదు. ఖాతాదారుని హక్కులను, నష్టభయములను వివరించు పత్రములు తెలుగులో లభించుచున్నను, దినదినము ఫోనుకు వచ్చు సందేశములు ఎక్కువగా ఆంగ్లములోనే యుండును. సిరిసిల్లలో బీడీలు చుట్టు తల్లి పేరన ఆప్షను అమ్మబడినచో, నీ పేరన ఈ దినము ఇంత ప్రమాదము స్వీకరింపబడినది అని ఆమె చదువగలిగిన తెలుగులో రెండు పంక్తులు ఆ సాయంకాలమే ఆమె ఫోనుకు చేరవలెను. ఆల్గోకు గుర్తింపు సంఖ్య వేయగలిగిన వ్యవస్థకు ఇది భారము కాదు.

ఇక గల్ఫులో ఉండి ఈ పత్రికను ఫోనులో చదువుచున్న సోదరులకు నా మనవి. మీ వాటాలను ఒక్కచోట చూపు క్యాస్ అను వివరణ ఈమెయిలుకు వచ్చును. ఆప్షన్ల వ్యవహారము దానిలో కనబడదు, దానికి బ్రోకరు పంపు కాంట్రాక్టు నోటును, లెడ్జరును చూడవలెను. ఇవి చేరుచున్న ఈమెయిలు, ఓటీపీ వచ్చుచున్న నంబరు మీవో, ఊరిలో ఎవరివో ముందు తెలిసికొనుడు. మీవి కానిచో అన్నగారితో తగవు పడక్కరలేదు. బ్రోకరుకు వ్రాసి రెంటిని మీ పేరునకు మార్పించుకొనుడు, మీరు ప్రవాసియైన సంగతియు ఆ ఉత్తరముననే తెలుపుడు.